రెండో చిల్లు

ఆ మిర్చి కాలంలో మా ఆయన చేతిలో మొదట దెబ్బలు తిన్నది ట్రాక్టరు. తర్వాత రాజమల్లు, ఆ తర్వాత నేను. కట్టమ్మ వంతు చివర్లో వచ్చింది గానీ అందరి కంటే ఎక్కువ ఆమెకే పడ్డాయి.

వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు దిగి, కాలువ కట్ట మీద చాలా దూరం లోపలికి వస్తే మా ఊరు. మా కల్లం ఇంటి వెనకే. మిర్చి కోత మొదలైన దగ్గర్నుంచి ఉగాది దాకా ఆ కల్లం ఎర్రగా పరచుకుని ఉంటే ఇంట్లో పిల్లలతో సహా ఒక్కరికీ కళ్లూ ముక్కూ సవ్యంగా ఉండవు. పొద్దున లేస్తే తుమ్ములు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం కూలీలతో తగువులు. మా ఆయన కుమారస్వామికి మామూలు రోజుల్లోనే చెయ్యి దురుసు. మిర్చి ఘాటు తోడైతే ఇక చెప్పాల్సిన పనిలేదు. తన కొడుక్కి వాళ్ల తాత కోపం అచ్చం అట్లాగే వచ్చిందని మా అత్త సమ్మమ్మ అందరికీ మురిపెంగా చెప్పుకునేది, అదేదో ఇంటిపేరు నిలబెట్టినట్టు.

మేడారం జాతర నుంచి వచ్చిన వారమే ట్రాక్టరు మొదటిసారి ఆగింది. మిర్చి బస్తాలు నిండా వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరాం. పొద్దున జెండా పాట పాడేలోపు అక్కడ ఉండాలి. ఆ పాటలో పలికిన ధరే ఆ రోజుకి పెద్ద ధర, ఆలస్యంగా పోయినవాళ్లకు మిగిలేది తరుగులూ వంకలూ. ఆయన తోలుతున్నాడు, నేను బస్తాల మీద కూర్చున్నాను. కట్ట మీద గతుకుల్లో అరగంట నడిచి, పెద్ద రోడ్డు ఇంకాస్త దూరం ఉందనగా కాలువ వంతెన దగ్గర ఇంజను రెండుసార్లు ఎగపోసి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

ఆయన దిగాడు. ఒక్క నిమిషం కూడా చూడలేదు, టూల్ బాక్సులోంచి పెద్ద పానా తీసి బానెట్ మీద బాదడం మొదలుపెట్టాడు. తల్లినీ చెల్లినీ కలిపి తిట్టాడు. ట్రాక్టరుకు తల్లీ చెల్లీ ఎక్కడినుంచి వస్తారో నాకు తెలియదు. ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

వంతెన పక్కనే కట్టమ్మ ఇల్లు. మా మామ అన్నగారి భార్య, మా ఆయనకు సొంత పెద్దమ్మ, నాకు పెద్దత్త. భర్త పోయాడు, పిల్లల్లేరు. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయి ఎన్నేళ్లయిందో, ఎందుకు ఆగిపోయాయో నేను కోడలిగా వచ్చేనాటికే ఎవరికీ సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా మాట్లాడకూడదన్న సంగతి ఒక్కటే. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి ఏమీ అనకుండా నిలబడింది. ఆయన కూడా ఏమీ అనకుండా తీసుకుని తాగాడు. కాసేపటికి మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంది. మార్కెట్‌కు పోయేసరికి జెండా పాట అయిపోయింది. డీజిల్ ఎంతుందో చూద్దామని ఆయన మూత తిప్పితే ట్యాంకు ఉస్సుమని నిట్టూర్చింది. నేను విన్నాను, విని వదిలేశాను.

తర్వాతి లోడుకూ అంతే. ఆ తర్వాతి లోడుకూ అంతే. ఎప్పుడూ వంతెన దగ్గరే. తిరుగు దారిలో మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

ములుగు రోడ్డులో షెడ్డున్న రాంప్రసాద్ అనే మెకానిక్ దగ్గరికి తోలుకుపోయాం. అతను మొదట డీజిల్ మూత తీశాడు. మూత మీద పసుపు చెరగకుండా పైన గుడ్డ కప్పి మరీ తిప్పాడు, తీశాక కళ్లకద్దుకుని జాగ్రత్తగా సీటు మీద పెట్టాడు. ఆ పసుపు మేడారం నుంచి మా అత్త తెచ్చిన పసుపు. వట్టి పసుపైతే కాలువ గాలికి రాలిపోతుందని, నువ్వుల నూనె పోసి, జాతరలో బంగారమని పిలిచే ప్రసాదం బెల్లం కాస్త నలిపి, కుంకుమతో కలిపి ముద్ద చేసి పెట్టేది. బానెట్ మీద అన్నిటికంటే ఎత్తుగా, తోలేవాడి ముఖానికి ఎదురుగా ఉండేది డీజిల్ మూతే కాబట్టి బొట్టు దానికే. రాంప్రసాద్ టార్చి వేసి ట్యాంకు చూశాడు, ఫిల్టర్లు మార్చాడు, పైపులు ఊదాడు, పంపు విప్పి బిగించాడు. మధ్యాహ్నం దాకా ఇంజను నడిపించి చూశాడు. ఒక్కసారీ ఆగలేదు. ఫికర్ చెయ్యకు అన్నా అని మూత బిగించి పంపాడు. మర్నాడు వంతెన దగ్గర ఆగింది.

అప్పుడిక డీజిల్ మీద పడ్డాడు మా ఆయన. ఊళ్లో రాజమల్లు ట్రాలీ ఆటోలో బంకు నుంచి క్యాన్లు తెచ్చి అమ్ముతాడు. మేమూ అతని దగ్గరే తీసుకుంటాం. నీళ్లు కలిపి అమ్ముతున్నావా అని అడిగాడు, జవాబు వినకుండానే కొట్టాడు. రాజమల్లు సన్నటి మనిషి. కింద పడ్డాక కూడా కాలితో తన్నాడు. పై పెదవి చీలి, చొక్కా ముందుభాగమంతా రక్తం. నలుగురు పట్టుకుని లాగితే గానీ ఆగలేదు. రాజమల్లు లేచి, అదే క్యాను ఎత్తి తన ఆటోలో పోసి, ఊరు చుట్టూ తిప్పి తెచ్చి మా వాకిట్లో ఆపాడు.

"అన్నా, నీళ్లుంటే ఇది నడుస్తదా?" అన్నాడు. చీలిన పెదవితో ఆ మాట చెప్పడానికి చాలా కష్టపడ్డాడు.

మా ఆయన లోపలికి పోయి పడుకున్నాడు. నాకు సిగ్గేసింది. నేనే నీళ్లూ గుడ్డా ఇచ్చాను.

ఇంజనులో లేదు, డీజిల్లో లేదు అనేసరికి మా అత్తకు దారి దొరికింది. మర్నాటి నుంచి ఆమె కూడా బస్తాలెక్కి వచ్చేది. వంతెన దగ్గర బండి ఆగగానే దిగి, నిమ్మకాయ కోసి టైరు కింద పెట్టి, కొబ్బరికాయ తిప్పి కొట్టి, మూత మీద ఇంకో పొర పసుపు మెత్తి, మేడారం అమ్మలకు మొక్కేది. ఇదంతా అయ్యేసరికి కొంతసేపు పట్టేది. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజను అందుకునేది. ఒకసారి అయితే కాకతాళీయం అనుకోవచ్చు, ప్రతిసారీ అందుకుంటే ఏమనాలి? మూత మీద పసుపు మందంగా పేరుకుంది. అది పేరుకున్నకొద్దీ బండి ఇంకా గట్టిగా మొరాయించింది, అది మొరాయించినకొద్దీ మా అత్త పసుపు ఇంకా మెత్తింది.

ఒకరోజు మేం వంతెన చేరకముందే కట్టమ్మ ఇంటి ముందు కడవ కనిపించింది. తోమిన ఇత్తడి కడవ, మీద చెంబు బోర్లించి ఉంది. బండి ఆగింది. మా అత్త ఆ కడవను చూసింది, కొడుకును చూసింది.

"బండి ఇంకా ఆగనే లేదు, నీళ్లు బయట పెట్టింది. ఆగుతదని దానికెట్ల తెలుసురా?" అంది.

ఆ రోజు మా ఆయన ఆ నీళ్లు ముట్టలేదు. కట్టమ్మ చెంబు చేత్తో పట్టుకుని ఉండగానే దాన్ని తన్నాడు. చెంబు దొర్లుకుంటూ కాలువలో పడింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. నాకు నోరెక్కువని మా అమ్మగారి ఊళ్లో కూడా పేరుంది. అది ఏటూరునాగారం అవతల, అక్కడ పెళ్లికి ముందే మా నాన్న ట్రాక్టరు తోలినదాన్ని. "ఆడ ఆగుతాందని ఊరంత తెలుసు, ఆమెకు తెల్వదా? అయినా మంత్రమైతే రాజమల్లు ఆటో ఎందుకు ఆగదు, బడి బస్సు ఎందుకు ఆగదు?" అన్నాను. ఆయన చెయ్యి నా చెవి మీద పడింది. గోడకు తగిలి కింద కూలబడ్డాను. రెండోది వీపు మీద, మూడోది ఎక్కడో. మా అత్త అడ్డం రాలేదు, తలుపు మాత్రం దగ్గరికి వేసింది. కొన్నాళ్లపాటు ఆ చెవిలో మోత పోలేదు. నాకు ఏడుపు రాలేదు, పళ్లు పటపటలాడేంత కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది.

మాట ఊరంతా పాకింది. ఎవరిదో బర్రె చచ్చింది, ఎవరిదో మోటరు కాలింది, ఎవరి పిల్లకో జ్వరం తగ్గలేదు. అన్నీ తెచ్చి కట్టమ్మ గుమ్మంలో పోశారు. నేను ఒకరోజు కూలీల కోసం పోతున్నానని చెప్పి ఆమె ఇంటికి పోయాను. కాజీపేటలో ఆమె తమ్ముడి ఇల్లుంది, రైల్వే క్వార్టర్లలో. మిర్చి అయిపోయేదాకా అక్కడికి పోయి ఉండమని బతిమాలాను. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"నేనెందుకు పోతా బిడ్డా? కుమారు నన్ను కొట్టడు. పెద్దమ్మను గద," అంది.

నా చెవి చూపించాను. ఆమె నా జుట్టు పక్కకు తీసి చూసి, కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చింది. ఊరు వదలడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మర్నాడు లోడుతో నేను పోలేదు. మిర్చి ఏరే కూలీలు చాలామంది వచ్చారు, వంట నాదే. కూరకు కొత్త నూనె డబ్బా తీశాను. తొందరలో సీల పెట్టి ఒక మూల ఒక్క చిల్లే కొట్టి గిన్నెలోకి వంచాను. నూనె గుడగుడమంటూ కొంచెం వచ్చి, సన్నగిల్లి, ఆగిపోయింది. డబ్బా నిండా నూనె ఉంది, చుక్క రావడం లేదు. వంటింట్లో పుట్టి పెరిగిన ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే, రెండో మూల ఇంకో చిల్లు కొట్టాలి. ఒకటి నూనె రావడానికి, ఇంకోటి గాలి లోపలికి పోవడానికి. సీల పెట్టి కొట్టాను. డబ్బా ఉస్సుమంది. నూనె ధారగా దిగింది.

గిన్నె నిండి పొర్లుతోంది, నేను చూస్తూ నిలబడ్డాను. ఆ చప్పుడు నాకు తెలుసు. మార్కెట్లో ఆయన డీజిల్ మూత తిప్పినప్పుడల్లా విన్న చప్పుడే.

డీజిల్ మూత నడిమధ్య కూడా సన్నటి చిల్లు ఉంటుంది. మా నాన్న బండికి నేను చూశాను. మేం ఇంటి దగ్గర ట్యాంకు అంచుదాకా నింపి, మూత బిగించి, ఆ చిల్లు మీదే నూనె పసుపు మెత్తుతున్నాం. నిండు ట్యాంకులో గాలికి చోటే లేదు, కొత్త గాలి పోయే దారీ లేదు. వంతెన దాకా నడిచేసరికి లోపలంతా బిగపట్టుకుని డీజిల్ దిగడం మానేస్తోంది. నిమ్మకాయలూ కొబ్బరికాయలూ అయ్యేలోపు మూత సందుల్లోంచి కాస్త గాలి దూరుతోంది. మార్కెట్లో మూత తీస్తాం కాబట్టి తిరుగు దారిలో ఆగదు. రాంప్రసాద్ మూత తీసి సీటు మీద పెట్టి నడిపాడు కాబట్టి అక్కడా ఆగలేదు. అంతే. ఇంతకే రాజమల్లు పెదవి చీలింది, నా చెవి మోగింది.

పొయ్యి ఆర్పుతుండగా వాకిట్లో రాజమల్లు ఆటో ఆగింది. అతను దిగను కూడా దిగలేదు.

"వదినా, జల్ది రా. వంతెన కాడ మీవోళ్లు కట్టమ్మను చంపుతాండ్రు."

సీల నా పిడికిట్లోనే ఉండిపోయింది. ఆటోలో ఎక్కాను.

వంతెన మీద మా ఊరివాళ్లే కాదు, పక్క ఊరివాళ్లు కూడా ఉన్నారు. ట్రాక్టరు మధ్యలో ఆగి ఉంది. బస్తాలు కట్టే మోకుతో కట్టమ్మను కరెంటు స్తంభానికి కట్టారు. పైట లేదు, రవిక భుజం దగ్గర చినిగి ఉంది. నెరిసిన జుట్టు విడిపోయి ముఖం మీద పడింది. కడవ ముక్కచెక్కలు కాలేదు గానీ, ఇత్తడిది కదా, తొక్కి తొక్కి అణిచేశారు. ఇద్దరు ఆమె దవడలు పట్టుకుని నోరు తెరిచి ఉంచారు. మా ఆయన చేతిలో మా టూల్ బాక్సులోని కటింగ్ ప్లేయర్ ఉంది. మంత్రాలు చేసేవాళ్ల పళ్లు పీకితే మంత్రం పలకదని మా వైపు అంటారు. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను, ఇప్పుడు చూశాను. ముందు పళ్లు రెండు అప్పటికే కింద దుమ్ములో ఉన్నాయి. గడ్డం నుంచి రొమ్ముల దాకా రక్తం కారుతోంది. ఆమె అరవడం లేదు, గొంతులోంచి ఏదో సన్నటి శబ్దం మాత్రం వస్తోంది. ముగ్గురు నలుగురు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

నేను కట్టమ్మ దగ్గరికి పోలేదు. పోతే నన్నూ ఈడ్చి పక్కన పడేసేవాళ్లని తెలుసు. తిన్నగా ట్రాక్టరు ఎక్కాను.

సీల మూత మీద పెట్టగానే మా అత్త కింది నుంచి నా కాలు పట్టుకుంది. "అమ్మల పసుపు మీద ఇనుము పెడ్తవా? కండ్లు పోతయ్," అంది. ఆమె నిజంగానే భయపడింది. నాకు మాత్రం భయం లేదా? నేనూ ఆ జాతరకే పోతాను, ఆ గద్దెలకే మొక్కుతాను. కాలు విదిలించుకుని, పసుపు గడ్డలోకి సీల గుచ్చి తిప్పాను. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. సెల్ఫ్ కొట్టాను. మొదటిసారికే ఇంజను అందుకుంది.

అందరూ ఇటు తిరిగారు. అయిపోయిందనుకున్నాను. నా పిచ్చి.

"చూసిన్రా, రెండు పండ్లు పోంగనే మంత్రం వదిలింది," అన్నాడు దవడ పట్టుకున్నవాడు. గుంపంతా అవునంటే అవునంది. "ఇంకో రెండు పీకు, ఇంక జన్మల చెయ్యది."

మా ఆయన మళ్లీ అటు తిరిగాడు.

ఆ క్షణంలో నాకు కలిగిన కసి ఎవరికీ చెప్పలేను. చేతిలో సీల కాక కొడవలి ఉంటే ఏం చేసేదాన్నో. కానీ అరిస్తే పని కాదని తెలిసింది. నిజం చెప్తే వినేవాళ్లు ఎవరూ లేరక్కడ. పందెం అంటే మాత్రం మావాళ్లు భోజనం మానేసి అయినా నిలబడతారు.

"ఆగుండ్రి," అన్నాను. "పందెం కాద్దాం. ఆమె మంత్రంతోనే బండి ఆగుతాంది అంటాండ్రు గద. ఆమె ఈడ లేకుంటే ఆగొద్దు. రాజమల్లు ఆటోల ఆమెను వరంగల్ దవాఖానకు పంపుండ్రి. బండి ఈడనే ఉంటది, నేను ఈడనే ఉంట. ఆమె పోయినంక గూడ నేను చెప్పినట్టు బండి ఆగకపోతే, నన్ను ఇదే స్తంభానికి కట్టేసి నా పండ్లు పీకుండ్రి."

మా ఆయన నా వంక చూశాడు. ఇంట్లోనైతే ఆ మాటకు నాకు ఏం పడేదో ఇద్దరికీ తెలుసు. గుంపులో కల్లు వాసన వేస్తున్న ముసలాయన ఒకడు, "పంపుండ్రి చూద్దాం, మల్ల తీసుకరావచ్చు," అన్నాడు. తమాషా చెడిపోకుండా ఇంకొంచెం పెరుగుతుందన్న ఆశ తప్ప ఆయనకు జాలేమీ లేదు. అయినా ఆ మాటతోనే మోకు విప్పారు. రాజమల్లు ఒక్కడే ఆమెను ఎత్తుకుని ట్రాలీలో పడుకోబెట్టాడు. నా కొంగు చింపి ఆమె నోటికి అడ్డం పెట్టాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఆటో పెద్ద రోడ్డెక్కి కనపడకుండా పోయేదాకా చూసి, మా అత్తను పిలిచాను.

"నీ చేతితోనే పెట్టు అత్తా. రోజు ఎట్ల పెడ్తవో గట్లనే," అన్నాను.

ఆమె పళ్లెంలో పసుపు కలిపింది. నూనె పోసింది, బెల్లం నలిపింది. ఎప్పటిలాగే ఒద్దికగా మూత మీద నిండుగా మెత్తింది. చిల్లు మూసుకుంది. రాజమల్లు దించిపోయిన క్యానులోంచి ట్యాంకు అంచుదాకా అప్పటికే నింపించి మూత బిగించాను. సెల్ఫ్ కొట్టి, చేతి రేసు చివరిదాకా లాగి వదిలేశాను. ఇంజను గొంతు చించుకుంటూ నల్లగా పొగ కక్కింది.

ఆ ఎండలో అందరం నిలబడ్డాం. ఇంజను నడుస్తూనే ఉంది. స్తంభం కింద రక్తం మీద ఈగలు వాలాయి. కొందరు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన ప్లేయర్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. నేను లెక్క తప్పానేమో, మూతకు ఇంకెక్కడో సందు ఉందేమో. అప్పుడు మొక్కాను. ఆ అమ్మలకే మొక్కాను. ఇన్నాళ్లూ మావాళ్లంతా బండి నడవాలని మొక్కారు, ఈ ఒక్కసారికి ఆపు తల్లీ అని మొక్కాను.

ఇంజను చప్పుడులో చిన్న తేడా వచ్చింది. నాకే ముందు తెలిసింది. ఎగపోసింది, తేరుకుంది, మళ్లీ ఎగపోసింది. రెండుసార్లు అదిరి ఆగిపోయింది. కాలువలో నీళ్లు పారే చప్పుడు వినపడింది.

దవడ పట్టుకున్నవాణ్ణే పిలిచి సెల్ఫ్ కొట్టమన్నాను. కొట్టాడు, కొట్టాడు, అందుకోలేదు. సీల వాడి చేతికే ఇచ్చి గుచ్చమన్నాను. ఉస్సుమన్న చప్పుడు అందరికీ వినపడింది. సెల్ఫ్ కొట్టాడు. అందుకుంది.

ఒకరికి మోటరు కట్టాలని గుర్తొచ్చింది, ఒకరికి బర్రెలు విప్పాలని గుర్తొచ్చింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. మా అత్త పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది, పసుపు వేళ్లు కొంగుకు తుడుచుకోవాలా వద్దా అన్నట్టు. కాసేపటికి వంతెన మీద మేం ముగ్గురం, ట్రాక్టరు మిగిలాం.

మా ఆయన స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని దుమ్ములో వెతికాడు. రెండు పళ్లూ దొరికాయి. అరచేతిలో పెట్టుకుని లుంగీ అంచుతో దుమ్ము తుడిచాడు.

"వీటిని మల్ల పెడ్తరా?" అని అడిగాడు.

బస్తాల లోడు అలాగే ఉండగా ట్రాక్టరు తోలుకుని దవాఖానకు పోయాను.

కట్టమ్మ దవడ ఎముక విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి. నోటికి కట్టు కట్టారు, మాట్లాడలేదు. సాయంత్రం పోలీసులు వచ్చారు. వాళ్లకంటే ముందు మా అత్త వచ్చింది. వరండాలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గుంపులో ఎవరో కొట్టారని చెప్పమంది. పిల్లల ముఖం చూడమంది. ఇల్లు ఏం కావాలని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే, కాదనను.

ఎవరు కొట్టారో పేరు చెప్పమన్నాడు ఎస్సై. "కుమారస్వామి. నా మొగడు. ప్లేయర్ ఆయన చేతులనే ఉండె," అన్నాను. మిగతా పేర్లు కూడా చెప్పాను. నేను చెప్పనివాళ్లు కూడా వాళ్లు తీసిన వీడియోల్లోనే దొరికిపోయారు.

ఆయన్ని తీసుకుపోయాక మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. పొయ్యి వేరుగా పెట్టుకుంది. మాటలు ఆపడం ఆ ఇంటికి కొత్తేం కాదు. మిగిలిన మిర్చి నేనే తోలాను. పొద్దున్నే కాలువ కట్ట మీద ఒంటరిగా ఆ వంతెన దాటేటప్పుడల్లా కట్టమ్మ ఇంటి వైపు చూడకుండా పోయేదాన్ని, దానికి తాళం ఉండేది. జెండా పాటకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

ఆఖరు లోడు ఉగాది దాటాక పడింది. ఆ పొద్దున మా అత్త పసుపు పళ్లెంతో వచ్చింది. నా వంక చూడకుండా, మూత జోలికి పోకుండా, బానెట్ కింద ముందువైపు చిన్న బొట్టు పెట్టి లోపలికి పోయింది.

వంతెన దగ్గరికి వచ్చేసరికి తాళం తీసి ఉంది. కట్టమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పెదవులు లోపలికి పోయి ముఖం సగమైంది. నేను బండి ఆపాను. ఇంజను ఆగగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసి తలుపు పట్టుకుంది.

"మల్ల ఆగిందా?" అంది.

"లేదు పెద్దత్తా. నేనే ఆపిన. నీళ్లిస్తవా?"

ఆమె కదల్లేదు. నా మాట నమ్మాలా వద్దా అని బండినీ నన్నూ మార్చి మార్చి చూసింది. ముందు పళ్లు లేని నోటితో నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది.

"ఇన్నేండ్లు మీ ఇంటోళ్లు నా ముందలికెళ్లి పోయిండ్రు గని ఒక్కనాడు ఆగలె. ఈ యేడు కుమారు ఆగవట్టె. నా చేతి నీళ్లు తాగె. రేపు గూడ ఆగుతడు గద అని, పొద్దుగాల్నే కడవ తోమి నింపి పెట్టేదాన్ని."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ చెవి మోతకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆమె లోపలికి పోయి చిన్న బిందె, స్టీలు గ్లాసు తెచ్చి నీళ్లు ముంచింది. నేను చెయ్యి చాపాను. ఆమె గ్లాసు ఇవ్వలేదు. ముందు తనే ఒక గుక్క తాగింది, తాగినట్టు నాకు కనపడేలా తాగింది. సగం నీళ్లు గడ్డం మీదుగా కారాయి. తర్వాత గ్లాసు కడిగి, మళ్లీ అదే బిందెలోంచి నాకు ముంచి ఇచ్చింది.

నేను తాగేదాకా ఆమె నా ముఖమే చూస్తూ నిలబడింది.